పైకి పోయే గీత దేన్ని కొలుస్తోంది? సైబర్ సెక్యూరిటీ పరిశోధనను లెక్కపెట్టడంపై ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. తెర మీద ఉన్న గ్రాఫ్ వెనక వరసల వాళ్ళకు కనిపిస్తోందా? కనిపించకపోయినా ఫరవాలేదు, నోటితోనే చెప్పేస్తాను. అడుగున సంవత్సరాలు, నిలువుగా పేపర్ల సంఖ్య. ఎడమ పక్క బయల్దేరిన గీత చాలా దూరం నేలను అంటుకునే పాకుతుంది. 2000 దాటాక కాస్త తల ఎత్తుతుంది. 2010 తర్వాత నిచ్చెన ఎక్కుతుంది. ఈ మధ్య అయితే గోడలా నిలబడిపోయింది. శీర్షికలోనో సారాంశంలోనో ‘సైబర్ సెక్యూరిటీ’ అన్న మాట ఉన్న పరిశోధన పత్రాలు ప్రపంచం మొత్తం మీద ఏ ఏడాది ఎన్ని వచ్చాయో చూపించే గీత ఇది.

ఈ విషయం మీద ఎవరు మాట్లాడినా మొదటి స్లైడ్ ఇదే ఉంటుంది. ‘రంగం శరవేగంగా ఎదుగుతోంది’ అంటారు, సభ తల ఊపుతుంది, రెండో స్లైడ్‌కి వెళ్ళిపోతారు. నేనూ చాలాసార్లు అలాగే వెళ్ళిపోయాను. ఇవాళ మాత్రం దీని దగ్గర కాసేపు నిలబడదాం. నేను భద్రతా నిపుణుణ్ణి కాదు, ముందే చెప్పేస్తున్నాను. నా పని పేపర్లు లెక్కపెట్టడం. ఎవరు రాశారు, ఎవరిని ఉదహరించారు, ఏ మాట పక్కన ఏ మాట వచ్చింది, ఇవన్నీ చూసే పనికి బిబ్లియోమెట్రిక్స్ అని పేరు. 1969లో అలన్ ప్రిచర్డ్ పెట్టిన పేరు. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1948లో, మన గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు ‘లైబ్రమెట్రీ’ అన్నారు. ఆ పేరు నిలవలేదు.

సరే, గీత. 1976లో ఈ గీత దాదాపు సున్నా దగ్గర ఉంది. ఆ ఏడే విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ పబ్లిక్ కీ క్రిప్టోగ్రఫీ ఆలోచనను, అంటే రహస్యాన్ని ముందే పంచుకోకుండా గుప్తంగా సందేశాలు పంపుకునే ఆలోచనను, ప్రచురించారు. వెబ్‌సైట్ తెరిచినప్పుడు కొన్ని బ్రౌజర్లలో కనిపించే తాళం గుర్తుకు మూలం అక్కడుంది. 1987లో కూడా గీత నేల మీదే ఉంది. అప్పుడు డొరొతీ డెన్నింగ్ చొరబాట్లను కనిపెట్టే నమూనా మీద రాసిన పేపర్‌ను ఆ విభాగంలో ఇప్పటికీ చదువుతున్నారు. 1988 నవంబరు 2న మోరిస్ వర్మ్ అనే, తనంతట తానే వ్యాపించే ప్రోగ్రామ్ బయటికొచ్చి అప్పటి ఇంటర్నెట్‌లో వేల యంత్రాలను కూల్చేసింది. దాని మీద బోలెడు విశ్లేషణ వచ్చింది. అయినా గీత ఉలకదు, పలకదు.

ఎందుకంటే వాళ్ళెవరూ ఆ మాట వాడలేదు. వాళ్ళు ‘కంప్యూటర్ సెక్యూరిటీ’ అన్నారు. తర్వాత వాళ్ళు ‘ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ’ అన్నారు. ఇంటర్నెట్ వచ్చాక ‘నెట్‌వర్క్ సెక్యూరిటీ’ అన్నారు. పనిలో తేడా ఉన్నా వంశం ఒకటే. అంటే ఇందాకటి గీతలో ఒక మాట ఎప్పుడు పుట్టిందో, ఎంత త్వరగా వ్యాపించిందో కనిపిస్తుంది. పని ఎంత పెరిగిందో అందులోంచి విడదీసి చెప్పడం కష్టం. పైగా ప్రభుత్వాలు నిధుల ప్రకటనల్లో ఏ మాట వాడితే దరఖాస్తుల్లోకి అదే మాట వస్తుంది, అక్కణ్ణుంచి పేపర్లోకి వస్తుంది. పాత పనికే కొత్త బోర్డు కట్టినవాళ్ళు నాకు బాగానే కనిపించారు. వాళ్ళను తప్పు పట్టను, ల్యాబ్ నడవాలి కదా.

ఇంకో సంగతి. నిజంగా పెరిగిందే అనుకుందాం. దేనితో పోలిస్తే పెరిగినట్టు? డెరెక్ డి సొల్లా ప్రైస్ అనే ఆయన కథ ఒకటి చెబుతాను. 1940ల చివర్లో ఆయన సింగపూర్‌లో రాఫిల్స్ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. లైబ్రరీ భవనం ఇంకా పూర్తికాలేదు. 1665 నుంచి వస్తున్న రాయల్ సొసైటీ పత్రిక ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ సంపుటాలను ఆయన తన గదికి తెచ్చుకుని, పదేళ్లకో దొంతర చొప్పున మంచం పక్కన గోడవారగా పేర్చాడు. పడుకుని చూస్తే ఒక్కో దొంతర ముందరి దానికన్నా ఎత్తు. ఆ ఎత్తుల్ని కలిపితే గణితంలో ఘాతీయ వృద్ధి గీత వస్తోంది. తర్వాత ఆయన వేరే వేరే రంగాలు తీసుకుని చూశాడు. సైన్సు మొత్తం పదీ పదిహేనేళ్లకోసారి రెట్టింపవుతూ వస్తోందని తేల్చాడు. అంటే ఏ రంగం గ్రాఫ్ గీసినా ఇలాగే పైకి వంగుతుంది. వరదలో అన్ని పడవలూ లేస్తాయి. సైబర్ సెక్యూరిటీ పడవ మిగతావాటికన్నా ఎంత లేచిందో చెప్పాలంటే, ఆ ఏడాది వచ్చిన మొత్తం కంప్యూటర్ సైన్స్ పేపర్లలో దీని వాటా ఎంతో చూడాలి. వాటా గీస్తే గీత ఎప్పుడూ కాస్త అణకువగా ఉంటుంది. బహుశా అందుకే మొదటి స్లైడ్‌లో దాన్ని పెట్టరు.

ఇక వెతుకులాట. డేటాబేస్‌లో ఏ మాట కొట్టాలి? ‘సైబర్‌సెక్యూరిటీ’ అని ఇంగ్లిష్‌లో కలిపి రాసేవాళ్ళున్నారు, విడదీసి రాసేవాళ్ళున్నారు, మధ్యలో అడ్డగీత పెట్టేవాళ్ళున్నారు. ఒక్కటే కొడితే మిగతావాళ్ళు జారిపోతారు. అది చిన్న బాధ. పెద్ద బాధ పొట్టి పేర్లతో వస్తుంది. సర్వర్‌ను ఊపిరాడకుండా చేసే దాడిని డీఓఎస్ అంటాం, డినయల్ ఆఫ్ సర్వీస్. అవే మూడు అక్షరాలు భౌతికశాస్త్రంలో డెన్సిటీ ఆఫ్ స్టేట్స్. మొదటిసారి ఆ మూడక్షరాలు కొట్టి వెతికినప్పుడు నాకు సెమీకండక్టర్ల పేపర్లు కుప్పలుగా వచ్చిపడ్డాయి. అహా, హార్డ్‌వేర్ భద్రత మీద ఎంత పని జరుగుతోందో అని ఒక పూటంతా మురిసిపోయాను. (నవ్వులు) ఏఈఎస్ మనకు ఎన్‌క్రిప్షన్ ప్రమాణం, అంటే సమాచారాన్ని రహస్య సంకేతంగా మార్చే పద్ధతి, ఉపరితల రసాయనం చేసేవాళ్ళకు ఒక ఎలక్ట్రాన్ స్పెక్ట్రోస్కోపీ పద్ధతి. డీఈఎస్ మనకు పాత ఎన్‌క్రిప్షన్ ప్రమాణం, గుండె డాక్టర్లకు మందు పూసిన స్టెంట్. ఆర్‌ఎస్‌ఏ మనకు ముగ్గురు శాస్త్రవేత్తల ఇంటిపేర్లలోని మొదటి అక్షరాలతో పిలిచే పబ్లిక్ కీ పద్ధతి, ఫిజియాలజీలో ఊపిరితో పాటు గుండె లయ మారే తీరు. వైరస్, వర్మ్, ఇన్‌ఫెక్షన్ సంగతి చెప్పక్కర్లేదు.

వీటిని ఏరెయ్యాలంటే యంత్రం కొంతవరకే సాయం చేస్తుంది. తర్వాత మనిషి కూర్చుని సారాంశాలు చదవాలి. బియ్యంలో రాళ్ళు ఏరినట్టే. ఈ పని గురించి పేపర్లలో ఒక్క వాక్యం ఉంటుంది, ‘సంబంధం లేని రికార్డులను తొలగించాం’ అని. ఎవరు, ఎలా, ఎన్ని తీశారో రాసిన పేపర్‌ను నేను నమ్ముతాను. ఆ ఒక్క వాక్యంతో సరిపెట్టిన పేపర్‌ను పక్కన పెడతాను.

తర్వాత, ఏ డేటాబేస్? యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ఒక ఆలోచన చెప్పాడు. న్యాయవాదులు ఒక తీర్పును తర్వాత ఏయే తీర్పుల్లో ఉదహరించారో వెతుక్కోవడానికి పంతొమ్మిదో శతాబ్దం నుంచి ఒక సూచిక వాడుతున్నారు. సైన్సుకూ అలాంటిది ఉండాలన్నాడు. 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాడు. ఇప్పటి వెబ్ ఆఫ్ సైన్స్ దాని మనవడు. 2004లో స్కోపస్, గూగుల్ స్కాలర్ వచ్చాయి. కంప్యూటర్ సైన్స్ వాళ్ళకు 1993 నుంచి జర్మనీలో ట్రియర్‌లో మొదలైన డీబీఎల్‌పీ ఉంది. 2022 నుంచి ఓపెన్‌అలెక్స్ ఉచితంగా దొరుకుతోంది.

గార్‌ఫీల్డ్ వారసత్వంలో ఒక చిక్కుంది. ఆయన మనసులో ఉన్నది జర్నళ్లు. వైద్యం, రసాయనం లాంటి రంగాల్లో గొప్ప పని జర్నల్‌లో వస్తుంది. భద్రతా పరిశోధనలో అలా జరగదు. ఐట్రిపుల్‌ఈ వాళ్ళ సెక్యూరిటీ అండ్ ప్రైవసీ సింపోజియం, ఏసీఎం వాళ్ళ సీసీఎస్, యూజ్‌నిక్స్ సెక్యూరిటీ, ఎన్‌డీఎస్‌ఎస్. ఈ నాలుగు కాన్ఫరెన్సుల్లో పేపర్ పడితే చాలు, జర్నల్ గురించి ఎవరూ అడగరు. కాబట్టి జర్నళ్లను మాత్రమే లెక్కపెట్టినవాడు ఊరి సంత రోజు తప్ప మిగతా రోజులన్నీ లెక్కపెట్టినవాడితో సమానం.

డేటాబేస్ కూడా కదలకుండా కూర్చోదు. 2015 చివర్లో వెబ్ ఆఫ్ సైన్స్ ఒక కొత్త సూచికను కలిపి, వేల జర్నళ్లను కొత్తగా లోపలికి తెచ్చింది. పరిశోధకుడు ఒక్క వాక్యం అదనంగా రాయకపోయినా గీత ఒక మెట్టు ఎక్కుతుంది. సాఫ్ట్‌వేర్ లోపాలకు నంబర్లు ఇచ్చే సీవీఈ పట్టికలోనూ ఇదే చూశాం. 2016లో అందులో చేరినవి ఆరున్నర వేల లోపు, 2017లో పద్నాలుగు వేల పైచిలుకు. ఒక్క ఏడాదిలో ప్రోగ్రామర్ల బుర్రలు అంతగా పాడైపోవు. నంబర్లు ఇచ్చే అధికారం ఎక్కువ మంది చేతికి వచ్చింది, ఇవ్వడం తేలికైంది. చాలా వరకు అంతే.

ఏ ఏడాది ఖాతాలో వెయ్యాలి అన్నది కూడా తేలిక కాదు. స్పెక్టర్ లోపం సంగతి చూడండి. ప్రాసెసర్ ముందే ఊహించి చేసుకునే పనిలోంచి రహస్యాలు లాగే దాడి అది. 2017 జూన్‌లో చిప్ కంపెనీలకు తెలిసింది. 2018 జనవరిలో లోకానికి తెలిసింది, పేపర్ కూడా అప్పుడే ఇంటర్నెట్‌లో పెట్టేశారు. జనం దాన్ని చదివి, దాని మీద ఇంకో పేపర్ రాసి, దాన్నీ ప్రచురించేసుకున్నారు. అసలు పేపర్ మాత్రం 2019 మే నెలలో సెక్యూరిటీ అండ్ ప్రైవసీ సింపోజియంలో వచ్చింది. ఆ కాన్ఫరెన్స్ రికార్డును పట్టుకుంటే తేదీ 2019. కొడుకు పుట్టాక ఏడాదికి తండ్రి పుట్టినట్టు కొన్ని సైటేషన్లు, అంటే ఉదహరింపులు, కనిపిస్తాయి.

ఇప్పుడు రంగురంగుల మ్యాప్‌కి వద్దాం. వీఓఎస్‌వ్యూయర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేసింది. నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో నీస్ యాన్ వాన్ ఎక్, లూడో వాల్ట్‌మన్ తయారుచేశారు. దీని కిటుకు చాలా సులువు. ఒకే పేపర్లో రెండు కీవర్డులు కలిసి కనిపిస్తే వాటి మధ్య ఒక దారం కడుతుంది. ఎన్ని పేపర్లలో కలిసి వస్తే దారం అంత లావు. లావు దారాలు ఉన్నవాటిని దగ్గరకు లాగుతుంది, లేనివాటిని దూరం జరుపుతుంది. గుంపులకు రంగులు వేస్తుంది. ఇక్కడ ఎర్ర గుంపులో మెషీన్ లెర్నింగ్, డీప్ లెర్నింగ్, చొరబాటు గుర్తింపు. పచ్చ గుంపులో ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్, బ్లాక్‌చెయిన్, ప్రైవసీ. నీలంలో పవర్ గ్రిడ్లు, పారిశ్రామిక నియంత్రణ. 2010లో పారిశ్రామిక నియంత్రణ వ్యవస్థల మీద దాడి చేసిన స్టక్స్‌నెట్ అనే వర్మ్ బయటపడ్డాక ఆ నీలం గుంపు బలిసింది. ఈ మూలన చిన్న పసుపు గుంపు ఉంది చూశారా? అందులో ఫిషింగ్, అవగాహన, శిక్షణ, ప్రవర్తన. అంటే మనుషులు.

చాలామంది ఈ బొమ్మలో పసుపు కుడివైపు ఎందుకుంది, నీలం పైన ఎందుకుంది అని అడుగుతారు. ఏమీ లేదు. బొమ్మను తలకిందులు చేసినా అర్థం మారదు, దిక్కులకు ఇందులో పనిలేదు. వృత్తాల మధ్య దూరాలు చూడాలంతే. నడిమధ్యన అన్నిటికన్నా పెద్ద వృత్తం ‘సెక్యూరిటీ’. సెక్యూరిటీ పేపర్లలో సెక్యూరిటీ అన్న మాట ఎక్కువగా వాడారని కంప్యూటర్ రాత్రంతా శ్రమపడి కనిపెట్టింది. (నవ్వులు) కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే.

ఆ పసుపు గుంపు చిన్నదిగా ఉండటం నాకు నచ్చదు. 1999లో రెండు పేపర్లు వచ్చాయి. ఆన్ ఆడమ్స్, ఏంజెలా సాసే కలిసి ఉద్యోగులు పాస్‌వర్డులతో ఎలా తంటాలు పడుతున్నారో అడిగి తెలుసుకున్నారు. వాడేవాళ్ళ నిర్లక్ష్యం అని కొట్టిపారేస్తున్నదాంట్లో చాలా భాగం, మనుషుల పనితీరు పట్టించుకోని వ్యవస్థల తప్పేనని చెప్పారు. ఆల్మా విటెన్, డగ్ టైగర్ ఈమెయిల్ ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్‌ను మామూలు మనుషుల చేతికిచ్చి చూశారు. పన్నెండుమందిలో ఎక్కువ మంది గంటన్నరలో ఒక మెయిల్‌ను సరిగ్గా ఎన్‌క్రిప్ట్ చేసి సంతకంతో పంపలేకపోయారు. ఆ రెండు పేపర్ల నుంచి ఒక శాఖే మొలిచింది. మ్యాప్‌లో మాత్రం అది మూలకే ఉంటుంది, ఎందుకంటే మనుషుల్ని కూర్చోబెట్టి చేసే అధ్యయనానికి నెలలు పడుతుంది, పేపర్లు తక్కువొస్తాయి. ఎర్ర గుంపు అంత లావుగా ఎందుకుందో చెబితే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది.

1998లో ఎంఐటీ లింకన్ ల్యాబ్ వాళ్ళు ఒక వైమానిక స్థావరం నెట్‌వర్క్‌ను అనుకరించి, అందులో మామూలు ట్రాఫిక్ నడిపి, మధ్యమధ్యలో దాడులు చేసి, అంతా రికార్డు చేశారు. అందులోంచి 1999లో ఒక పోటీ కోసం డేటాసెట్ తయారైంది. కేడీడీ కప్ 99 అంటారు. దాదాపు 49 లక్షల కనెక్షన్ల రికార్డులు, ఒక్కో దానికి 41 లక్షణాలు: ఎంతసేపు నడిచింది, ఏ ప్రోటోకాల్, ఎన్ని బైట్లు, లాగిన్ ఎన్నిసార్లు విఫలమైంది, ఇలా. చివర్లో జవాబు కూడా రాసి ఉంటుంది, ఇది మామూలుదా, దాడా అని. ఉచితంగా దొరుకుతుంది, ఒక మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. కొత్త అల్గారిథమ్ చేతిలో ఉన్న ప్రతివాడికీ ఇది అందివచ్చింది. అల్గారిథమ్ పేరు మార్చు, ఇదే డేటా మీద నడుపు, 99 శాతం కచ్చితత్వం అని రాయి.

2009లో తవల్లాయీ, మరో ముగ్గురు ఈ డేటాను విప్పి చూశారు. శిక్షణ భాగంలో దాదాపు 78 శాతం, పరీక్ష భాగంలో దాదాపు 75 శాతం రికార్డులు నకళ్లే. వరద దాడి అంటే ఒకేలాంటి ప్యాకెట్లు లక్షలుగా రావడమే కాబట్టి అవన్నీ లక్షలుగానే చేరాయి. ఒకే లెక్కను వందసార్లు అడిగితే వందకు తొంభైతొమ్మిది రాకుండా ఎలా ఉంటాయి? వాళ్ళు నకళ్లు తీసేసి కొత్త డేటాసెట్ ఇచ్చారు, ఎన్‌ఎస్‌ఎల్-కేడీడీ అని. మంచి పని. కానీ మూలం అదే 1998 ట్రాఫిక్, స్మార్ట్‌ఫోన్ ఇంకా జేబుల్లోకి రానప్పటిది. దాని మీద పేపర్లు ఇప్పటికీ వస్తున్నాయి. 2010లో రాబిన్ సోమర్, వెర్న్ పాక్సన్ ఇంకో మాట అడిగారు: పేపర్లలో ఇంత బాగా పనిచేసే మెషీన్ లెర్నింగ్ పద్ధతులు నిజమైన నెట్‌వర్కుల్లో ఎందుకు కనిపించడం లేదు? అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం. ప్రతి పేపరూ 99 శాతం దాడుల్ని పట్టేస్తుంది, దాడులు మాత్రం ఆగవు.

మా లెక్కల్లో ఈ పేపర్లకూ, ఒక ప్రోటోకాల్‌లో లోపం కనిపెట్టడానికి రెండేళ్లు కూర్చున్న పేపర్‌కూ విలువ ఒకటే. ఒకటంటే ఒకటి. సైటేషన్లు చూస్తే తేడా తెలుస్తుంది కదా అంటారు. కొంత తెలుస్తుంది. అయితే ఒకే డేటాసెట్ వాడేవాళ్ళు ఒకరినొకరు పట్టికలో పోల్చుకోవాలి, పోల్చుకుంటే ఉదహరించాలి. ఆ గుంపులో సైటేషన్లు వాటంతట అవే పండుతాయి. కాబట్టి రాశితో పాటు వాసి కూడా అక్కడ ఎక్కువున్నట్టు కనిపిస్తుంది.

దేశాల ర్యాంకుల గురించి అడుగుతారని తెలుసు, త్వరగా చెప్పేస్తాను. ఒక పేపర్‌కు నలుగురు రచయితలు, ముగ్గురు ఒక దేశం, ఒకరు ఇంకో దేశం. రెండు దేశాలకూ చెరొకటి వేస్తే అది పూర్తి లెక్క. ముప్పావు, పావు వేస్తే అది భాగాల లెక్క. మొదటి పద్ధతిలో అన్ని దేశాల మొత్తం కూడితే ప్రపంచంలో ఉన్న పేపర్లకన్నా ఎక్కువొస్తాయి. ఇతర దేశాలతో బాగా కలిసి పనిచేసే చిన్న దేశాలు ఇందులో మెరుస్తాయి, రెండో దాంట్లో మామూలైపోతాయి. ఆస్ట్రేలియాలోని ఏఎస్‌పీఐ సంస్థ 2023లో 44 సాంకేతికతల్లో 37 చోట్ల చైనా ముందుందని చెప్పింది. వాళ్ళు అన్ని పేపర్లనూ కాకుండా ఎక్కువ సైటేషన్లున్న పై పదో వంతును చూశారు. అది మంచి జాగ్రత్త. అయినా పత్రికల హెడ్డింగుల్లో ‘37’ మిగిలింది, ‘పై పదో వంతు’ రాలిపోయింది. ర్యాంకు చెప్పేవాళ్ళు కనిపిస్తే నేను ఒకటే అడుగుతాను: పూర్తి లెక్కా, భాగాల లెక్కా?

చివరిగా, అసలు లెక్కలోకే రానివి. మిగతా శాస్త్రాలకు ఈ బాధ ఇంతగా లేదు. ప్రోగ్రామ్‌లోని బఫర్, అంటే డేటాను తాత్కాలికంగా ఉంచే చోటు, నిండిపోయి పొర్లితే యంత్రాన్ని ఎలా లొంగదీసుకోవచ్చో అంచెలంచెలుగా నేర్పిన ప్రసిద్ధ వ్యాసం 1996 నవంబరులో ఫ్రాక్ అనే హ్యాకర్ల ఎలక్ట్రానిక్ పత్రికలో వచ్చింది, ఆలెఫ్ వన్ అన్న మారుపేరుతో. రివ్యూ లేదు, జర్నల్ లేదు. మెమరీ భద్రత పేపర్లు దాన్ని చాలాసార్లు ఉదహరించాయి. మా డేటాబేస్‌లో అది పేపర్‌గా లేదు, ఇతరుల పాదసూచికల్లో నీడలా ఉంది. బిట్‌కాయిన్ పత్రం కూడా అంతే, 2008లో ఒక మెయిలింగ్ లిస్టులో వచ్చింది.

ఇక గోడల వెనక జరిగేది. 1990 ప్రాంతంలో ఎలీ బిహామ్, ఆది షమీర్ డిఫరెన్షియల్ క్రిప్టనాలిసిస్ అనే దాడి పద్ధతిని ప్రచురించారు. పాత డీఈఎస్ మీద ప్రయోగిస్తే అది ఆశ్చర్యంగా తట్టుకుంది. ఎందుకో 1994లో తెలిసింది. ఐబీఎంలో దాన్ని తయారుచేసినవాళ్ళలో ఒకరైన డాన్ కాపర్‌స్మిత్, ఈ దాడి తమకు 1974లోనే తెలుసని, దాన్ని తట్టుకునేలాగే కట్టామని, బయటికి చెప్పకుండా ఉండిపోయామని రాశాడు. అంటే ఒక విజ్ఞానం పదిహేనేళ్లకు పైగా మా గీతకు కనపడకుండా బతికింది.

అంతకన్నా పెద్దది బ్రిటన్ గూఢచార సంస్థ జీసీహెచ్‌క్యూలో జరిగింది. రహస్యాన్ని ముందే పంచుకోకుండా ఎన్‌క్రిప్ట్ చెయ్యడం సాధ్యమేనని 1970లో జేమ్స్ ఎలిస్ ఒక అంతర్గత పత్రం రాశాడు. 1973లో క్లిఫర్డ్ కాక్స్ అనే కొత్తగా చేరిన గణితజ్ఞుడు, ఆ ఆలోచన విని, పెద్ద ప్రధాన సంఖ్యలతో దాన్ని చేసి చూపించాడు. ఇవాళ మనం ఆర్‌ఎస్‌ఏ అంటున్నది దాదాపు అదే. 1974లో మాల్కమ్ విలియమ్సన్ చేసింది, తర్వాత డిఫీ, హెల్మన్‌ల పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి. అన్నీ బీరువాలోకి వెళ్ళిపోయాయి. రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ తమంతట తాము కనిపెట్టి 1978లో జర్నల్‌లో ప్రచురించారు. ఆ పేపర్‌కు వచ్చిన సైటేషన్లు వేలకు వేలు.

బీరువా 1997 డిసెంబరు 18న తెరుచుకుంది. ఆ రోజు కాక్స్ ఒక సభలో లేచి ఈ కథంతా బహిరంగంగా చెప్పాడు. అంతకు ఇరవై మూడు రోజుల ముందు, నవంబరు 25న, ఎలిస్ కన్నుమూశాడు.

టైమ్ అయిపోయిందని అక్కణ్ణుంచి సైగ చేస్తున్నారు. మొదటి స్లైడ్ మళ్ళీ పెడతాను, ప్రశ్నలు అడగండి.